బడి గ్రంథాలయం: బీరువాల తాళాలు, సాయంత్రం రెండు గంటలు

సంపాదకులకు,

నమస్కారం.

నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరగబోతున్న ఈ సందర్భంలో, మా విజయవాడ నగరంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల గ్రంథాలయాన్ని కొత్తగా తీర్చిదిద్దేందుకు జరుగుతున్న ప్రయత్నం గురించి, అందులో నాకు కనిపించిన లోటు గురించి మీ పత్రిక ద్వారా నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను. నేను ముప్పయి ఏళ్లకు పైగా తెలుగు ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. అందులో పదకొండేళ్లపాటు గ్రంథాలయం తాళంచెవులు కూడా నా దగ్గరే ఉండేవి. గ్రంథపాలకుల పోస్టు లేని బళ్లలో ఆ తాళంచెవులు సాధారణంగా తెలుగు ఉపాధ్యాయుల చేతికే వస్తాయి.

ఆ బడిలో చదువుకుని వృద్ధిలోకి వచ్చిన పూర్వ విద్యార్థులు కొందరు చందాలు వేసుకుని, గ్రంథాలయం గదిని ఈ కాలపు పిల్లలకు పనికివచ్చేలా మార్చాలని సంకల్పించి, ప్లాను గీయించి, పాత ఉపాధ్యాయులమైన మమ్మల్ని పిలిచి చూపించారు. చదువు చెప్పిన బడిని మరిచిపోని ఆ పిల్లల మంచి మనసుకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ప్లానులో ఏసీ ఉంది, గోడకు పెద్ద తెర ఉంది, పన్నెండు కంప్యూటర్లు ఉన్నాయి, అద్దాల తలుపులున్న కొత్త బీరువాలు ఉన్నాయి. ఆ బీరువాలకు తాళాలు కూడా ఉన్నాయి. ఇప్పుడున్న పుస్తకాల్లో సగానికి పైగా స్థలం చాలదని స్టోరు గదికి వెళతాయట. వేళలు మాత్రం ఇప్పటిలాగే, బడి జరిగినంతసేపే. గదిలో కూర్చుని పిల్లలకు పుస్తకం అందించే మనిషి ఎవరని అడిగితే, అది తరువాత ఆలోచిద్దామన్నారు. నా ఆందోళన అంతా ఆ తాళాల గురించి, ఆ వేళల గురించి, ఆ మనిషి గురించి.

1952–53లో డాక్టర్ ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన పనిచేసిన మాధ్యమిక విద్యా కమిషన్ తన నివేదికలో మన బడి గ్రంథాలయాల గురించి రాసిన భాగం ఉపాధ్యాయ శిక్షణలో మా చేత చదివించారు. పుస్తకాలు పాతబడినవి, పిల్లల అభిరుచికి తగనివి. వాటిని ఆకర్షణ లేని ఇరుకు గదిలో కొన్ని బీరువాల్లో దాచిపెడతారు. చూసుకునేది ఒక గుమాస్తానో, ఆసక్తి లేని ఉపాధ్యాయుడో, అదీ తీరిక దొరికినప్పుడు మాత్రమే అన్నది దాని సారాంశం. డెబ్బయి ఏళ్లు దాటిపోయాయి. ఆ మూడు లోపాల్లో కొత్త ప్లాను ఒక్క గదినే పట్టించుకుంటున్నది. గది అందంగా ఉండాలనడంలో నాకు భేదాభిప్రాయం లేదు, కానీ పెట్టే ఖర్చులో అత్యధిక భాగం మూడింటిలో చిన్నదానికే వెళుతున్నదని మాత్రం చెప్పక తప్పదు.

తాళం సంగతి నా అనుభవంతోనే చెబుతాను. నా చేతికి గ్రంథాలయం వచ్చిన మొదటి రెండేళ్లు బీరువాల తలుపులు బార్లా తెరిచి ఉంచాను. ఆరో తరగతి పిల్లలు నేల మీద కూర్చుని బొమ్మల కథలు చదువుకునేవారు, తొమ్మిదో తరగతి అబ్బాయిలు పేజీలు తిరగేసి తమకు కావలసినవి తామే ఎంచుకునేవారు, ఇష్యూ రిజిస్టరు రాయడానికి ఇద్దరు విద్యార్థినులు వంతులవారీగా కూర్చునేవారు. రెండో ఏడాది చివర స్టాకు తనిఖీలో పదకొండు పుస్తకాలు కనిపించలేదు. వాటి వెల నా జీతంలోంచి కట్టాను. డబ్బు పెద్ద మొత్తం కాదు, కానీ సంజాయిషీ రాసి ఇవ్వమన్నప్పుడు పడిన అవమానం పెద్దది. ఆ మరుసటి వారమే బీరువాలకు తాళాలు వేశాను. తరువాత తొమ్మిదేళ్లలో ఒక్క పుస్తకం పోలేదు. ప్రతి తనిఖీలోనూ రిజిస్టరు బాగుందని రాశారు. ఆ తొమ్మిదేళ్లలో ఎంతమంది పిల్లలు అద్దంలోంచి అట్టలు చూసి వెళ్లిపోయారో ఆ రిజిస్టరులో ఎక్కడా లేదు. ఈ తప్పు నాదే. అందుకే ఇప్పుడు ఇంత గట్టిగా మాట్లాడుతున్నాను.

నాకు అప్పట్లో తెలియని విషయం ఒకటి ఉపాధ్యాయులందరికీ తెలియాలని ఇక్కడ రాస్తున్నాను. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి–2017లోని 215వ నియమం గ్రంథాలయాల గురించే ఉంది. ఏడాదిలో పాఠకులకు ఇచ్చిన, లేదా గదిలో వారు చూసుకున్న ప్రతి వెయ్యి సంపుటాలకు అయిదు పోవడాన్ని సహజమైన నష్టంగానే పరిగణించవచ్చునని, మోసం గాని నిర్లక్ష్యం గాని అందుకు కారణం కాకూడదని, వెయ్యి రూపాయలకు మించిన వెల గల పుస్తకం లేదా అరుదైన పుస్తకం పోతే మాత్రం తప్పనిసరిగా విచారణ జరపాలని ఆ నియమం చెబుతుంది. అంటే ఏడాదికి మూడు వేలసార్లు పుస్తకాలు పిల్లల చేతుల్లోకి వెళ్లే గ్రంథాలయంలో పదిహేను పుస్తకాలు పోయినా ఉపాధ్యాయుడు దోషి కానక్కరలేదు. ఇది కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు వర్తించే నియమం. మన జిల్లా పరిషత్తు, మునిసిపల్ పాఠశాలలకు అదే అర్థం వచ్చే ఉత్తర్వు ఒకటి స్పష్టంగా ఇచ్చి, దాని ప్రతిని ప్రతి గ్రంథాలయం గోడకూ అంటించమని పాఠశాల విద్యాశాఖను వేడుకుంటున్నాను. దీనికి రూపాయి ఖర్చు లేదు. ఏసీ కన్నా, పెద్ద తెర కన్నా ముందు రావలసిన మార్పు ఇది. సంతకం చేసిన ఉపాధ్యాయుడి మనసులో భయం ఉన్నంతకాలం ఎంత ఖరీదైన బీరువా కొన్నా దానికి తాళం పడుతూనే ఉంటుంది.

గ్రంథాలయ శాస్త్రానికి మన దేశంలో పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన అయిదు సూత్రాల్లో మొదటిది పుస్తకాలు ఉపయోగించుకోవడానికే అన్నది. ఇంత తేలిక మాటను సూత్రంగా ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, ఒకప్పుడు ఐరోపాలో పుస్తకాలను గొలుసులతో అరలకు కట్టి ఉంచేవారు. పుస్తకాన్ని కాపాడటమే గ్రంథపాలకుడి పని అన్న ఆ కాలపు ఆలోచన ఇంకా మన తాళంచెవుల గుత్తిలో మిగిలి ఉంది.

ఇక వేళల సంగతి. మా బడికి వచ్చే పిల్లల్లో చాలామంది కొండ మీది ఇళ్లవాళ్లు. మొగల్రాజపురం, గుణదల, విద్యాధరపురం కొండల మీద మెట్లెక్కి వెళితే కనిపించే ఒంటి గది ఇళ్లలో వంట, పడక, టీవీ, చంటిపిల్ల ఏడుపు అన్నీ ఒకేచోట. పదో తరగతి చదివే ఆడపిల్ల పుస్తకం తెరవాలంటే ఇంట్లో అందరూ నిద్రపోయేదాకా ఆగాలి, అప్పుడు దీపం వేస్తే తండ్రి విసుక్కుంటాడు. ఒకసారి తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, బడి వదిలాక నేను తాళం వేయబోతుంటే, “మేడమ్, మీరు రిజిస్టరు రాసుకునేదాకా నేను ఇక్కడే కూర్చోనా? లెక్కలు చేసుకుంటాను” అని అడిగింది. ఆ పిల్ల కోసం ఆ సంవత్సరమంతా నాకు పని లేకపోయినా ఆరింటిదాకా కూర్చున్నాను. నెల తిరిగేసరికి ఆ పిల్లతో పాటు మరో పద్నాలుగు మంది వచ్చి కూర్చునేవారు. వాళ్లలో ఎక్కువమంది నన్ను ఏ పుస్తకమూ అడగలేదు. వాళ్లకు కావలసినవి ఒక బల్ల, ఒక ఫ్యాను, తల మీద వెలుతురు, కసరకుండా ఉండే ఒక పెద్ద దిక్కు.

ఆధునిక విద్యార్థి అవసరాలు అనగానే మన మనసు కంప్యూటరు వైపు వెళుతుంది. నేను చూసినంతవరకు ఈ నగరంలో పేద విద్యార్థికి అన్నిటికన్నా అరుదైన వస్తువు నిశ్శబ్దంగా కూర్చునే చోటు. స్తోమత గల ఇళ్ల పిల్లలకు కార్పొరేటు కళాశాలల హాస్టళ్లలో స్టడీ అవర్లు ఉంటాయి. ప్రభుత్వ బడి పిల్లలకు అది దొరకగలిగిన ఒకే ఒక గది బడి గ్రంథాలయం, అది సాయంత్రం బడి గంటతో పాటే మూతపడుతుంది. నగరంలోని పౌర గ్రంథాలయాలకు వెళ్లమని చెప్పవచ్చు గాని, అక్కడి కుర్చీలు ఉద్యోగ పరీక్షలకు చదువుకునే యువకులతో నిండి ఉంటాయి. పైగా చీకటి పడ్డాక పన్నెండేళ్ల ఆడపిల్లను బందరు రోడ్డు దాటించి పంపడానికి ఏ తల్లి ఒప్పుకుంటుంది? బడి వేళల తరువాత కూడా గ్రంథాలయాలను వాడుకోవాలని 2020 నాటి జాతీయ విద్యావిధానమే చెప్పింది. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా, పరీక్షల ముందు నెలల్లో ఏడు దాకా, గది తెరిచి ఉంచే ఏర్పాటు ప్లానులో మొదటి అంశంగా చేరాలి. అందుకు గ్రంథాలయానికి వీధి వైపు వేరే గుమ్మం ఉండాలి, అప్పుడు మిగిలిన బడి మొత్తాన్ని తెరిచి కాపలా పెట్టే పని ఉండదు. దగ్గరలోనే మరుగుదొడ్డి, మంచినీళ్ల కుళాయి ఉండాలి. ఆడపిల్లలు సాయంత్రం ఆగుతారా లేదా అన్నది చాలావరకు వీటి మీదే ఆధారపడుతుంది.

గది కొలతల గురించి కొద్దిగా. సీబీఎస్ఈ తన గుర్తింపు పొందే పాఠశాలల గ్రంథాలయానికి కనీసం 14 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు ఉండాలని నిర్ణయించింది. తరగతి గదికి అది కోరే కొలత 8 మీటర్లు, 6 మీటర్లు. అంటే గ్రంథాలయం రెండు తరగతి గదుల కన్నా పెద్దదిగా ఉండాలి. మా బడిలో ఒకే తరగతి గదిని గ్రంథాలయంగా వాడుతున్నారు. అందులోనే పన్నెండు కంప్యూటర్లు పెడితే పిల్లలు కూర్చునే చోటు హరించుకుపోతుంది. పక్క గదితో ఉన్న అడ్డుగోడ తీయించగలిగితే, తక్కిన అలంకారాలన్నీ మానుకున్నా ఫరవాలేదని పూర్వ విద్యార్థులకు చెప్పాను.

ఇంకొక విషయం. ఇప్పుడు పుస్తకాల బీరువాలు పడమటి గోడకు ఆనించి ఉన్నాయి. మన వేసవిలో ఆ గోడ రాత్రి ఎనిమిదింటికి కూడా వేడిగానే ఉంటుంది, వానాకాలంలో చెమ్మ పట్టి అడుగు అరల్లోకి చెదలు ఎక్కుతాయి. గోడకూ అరకూ మధ్య జానెడు ఖాళీ వదలడం, అడుగు అరను నేల నుంచి మూరెడు ఎత్తున మొదలుపెట్టడం, చెక్కకు బదులు ఇనుప రాకులు వాడటం ఇవేమీ ఖర్చుతో కూడిన పనులు కావు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచినప్పుడు నీళ్లలో నాని ఉబ్బిపోయిన పుస్తకాలను చూసినవాళ్లకు పై అంతస్తు గ్రంథాలయం ఎందుకు మంచిదో వేరే చెప్పనక్కరలేదు. కానీ చక్రాల కుర్చీలో వచ్చే విద్యార్థి మెట్లెక్కలేడు. ఈ రెంటిలో ఏది వదులుకోవాలో నేను చాలా ఆలోచించాను. పల్లపు ప్రాంతం కాని బళ్లలో కింది అంతస్తునే ఉంచి, అరల ఎత్తు పెంచడమే న్యాయమని నాకు తోచింది.

పుస్తకాల దగ్గరికి వస్తే, సగం పుస్తకాలను స్టోరు గదికి పంపడం గురించి నేను బాధపడతానని వారు అనుకున్నారు. నిజానికి కొన్నింటిని బయటికి పంపవలసిందే. ఆంధ్రప్రదేశ్‌లో 23 జిల్లాలు ఉన్నాయని చెప్పే జనరల్ నాలెడ్జి పుస్తకాలు, 2006లో ప్లూటోను మరుగుజ్జు గ్రహంగా వర్గీకరించిన తరువాత కూడా తొమ్మిది గ్రహాల పటం చూపించే సైన్సు పుస్తకాలు, ఎవరో దానంగా ఇచ్చిన పాత గైడ్ల కట్టలు అరల్లో చోటు ఆక్రమించుకుని ఉన్నాయి. స్టాకు నుంచి తీసివేయాలంటే నడవవలసిన కాగితాలకు భయపడి ఎవరూ వాటిని ముట్టుకోరు. అయితే ఏది పోవాలో, ఏది ఉండాలో కొలతబద్దతో తేల్చే పని కాదు, చదివినవాళ్లు కూర్చుని తేల్చాలి. చినిగిపోయిన అట్టతో ఉన్న పుస్తకం చాలాసార్లు పిల్లలు ఎక్కువగా చదివిన పుస్తకమే అవుతుంది. దాన్ని పారవేయకుండా కొత్త ప్రతి కొనాలి. కొనేటప్పుడు పిల్లలను కూడా వెంట తీసుకువెళ్లాలి. తెలుగు ప్రచురణకు పెట్టింది పేరైన ఊరు మనది. ఏలూరు రోడ్డులో పుస్తకాల దుకాణాలు ఉన్నాయి, లెనిన్ సెంటర్లో పాత పుస్తకాలు దొరుకుతాయి, ఏటా జనవరిలో పుస్తక మహోత్సవం జరుగుతుంది. ఇన్ని ఉండి కూడా మన బళ్లకు పుస్తకాలు ఎవరో ఎంపిక చేసిన కట్టలుగా రావడం నాకు ఎప్పుడూ కష్టంగానే తోచింది. బడులకు నిధులిచ్చే కేంద్ర ప్రభుత్వ పథకమైన సమగ్ర శిక్ష కింద బడి స్థాయిని బట్టి ఏడాదికి అయిదు వేల నుంచి ఇరవై వేల రూపాయల దాకా గ్రంథాలయ గ్రాంటుకు వీలుంది. అందులో కొంత భాగమైనా పుస్తక మహోత్సవంలో పిల్లల చేత ఎంపిక చేయించాలి.

అరల అమరిక విషయంలో దశాంశ వర్గీకరణ సంఖ్యలు, అంటే పుస్తకం ఏ విషయానికి చెందిందో తెలిపే అంకెలు, వేయడం మానమని అనను. తెలుగు సాహిత్యానికి 894.827 అన్న సంఖ్య తెలిసిన పిల్ల రేపు ఏ పెద్ద గ్రంథాలయానికి వెళ్లినా దారి తప్పదు. దానితో పాటు చిన్న తరగతుల పిల్లలకు రంగు పట్టీలు కూడా వేస్తే సరిపోతుంది.

కంప్యూటర్లకు నేను విరోధిని కాను. పన్నెండు కాకుండా నాలుగు చాలునని, వాటి పని ఏమిటో ముందే నిర్ణయించుకోవాలని నా అభిప్రాయం. 2022 డిసెంబరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చారు, తరగతి గదుల్లోకి పెద్ద తెరలు వచ్చాయి. పాఠాన్ని తెర మీద చూడటం పిల్లలకు ఇప్పుడు కొత్త కాదు. గ్రంథాలయంలో కంప్యూటరు చేయవలసిన పని వేరు. ఎనిమిదో తరగతి పిల్లవాడు ఏడాదికి 12,000 రూపాయల ఎన్ఎంఎంఎస్ ఉపకారవేతనం పరీక్షకు దరఖాస్తు చేసుకోవాలి, పదో తరగతి అయ్యాక పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్‌కో, నూజివీడు ట్రిపుల్ ఐటీకో దరఖాస్తు పెట్టాలి. ఇప్పుడు ఆ పిల్లలు వీధి చివర నెట్ సెంటరుకు డబ్బు కట్టి, తప్పులు పడినా చూసుకోలేని తొందరలో ఆ పని ముగిస్తున్నారు. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు ఆ అవసరానికే కేటాయించాలి. ఇంకొకటి కథల కోసం: స్టోరీవీవర్ వంటి వేదికల మీద తెలుగులో పిల్లల పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి, వాటిని అచ్చు తీసుకునే స్వేచ్ఛ కూడా ఉంది. మరొకటి రాయడం కోసం. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో తమ పేట గురించి, తమ ఊరి చెరువు గురించి ఆధారాలతో నాలుగు వాక్యాలు రాసిన పిల్లవాడికి, ఒక మాట నిజమా కాదా అని ఎలా తేల్చుకోవాలో ఎవరూ వేరే నేర్పనక్కరలేదు. ప్రశ్న అడిగితే క్షణంలో వ్యాసం రాసిచ్చే కృత్రిమ మేధ ఫోనులోనే ఉన్న కాలంలో, ఆ వ్యాసంలోని తారీఖు సరైనదో కాదో పక్క అరలోని పుస్తకం తీసి సరిచూసుకునే అలవాటు ఇంకెక్కడ అబ్బుతుంది? అందుకే కంప్యూటర్లను వేరే అద్దాల గదిలో కాకుండా అరల పక్కనే పెట్టమంటున్నాను.

ఇవన్నీ జరగడానికి ఒక మనిషి కావాలి. గ్రంథాలయ శాస్త్రం చదివి ఉద్యోగం లేని యువతీయువకులు మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు. ప్రతి బడికీ ఒకరిని నియమించడం ఇప్పట్లో కాదని ప్రభుత్వం అంటే, నాలుగైదు బళ్లకు కలిపి ఒకరిని, వారంలో రోజుకొక బడి చొప్పున తిరిగేలా నియమించవచ్చు. 1935లో గ్రంథాలయోద్యమ కార్యకర్త పాతూరి నాగభూషణంగారు కృష్ణా డెల్టా కాలువలో పడవ మీద పుస్తకాలు పెట్టి ఒడ్డున ఉన్న ఊళ్లకు పంపించారు. రోడ్లు, బస్సులు ఉన్న కాలంలో ఒక గ్రంథపాలకుడిని నాలుగు బళ్లకు తిప్పడం మనకు అసాధ్యం కాకూడదు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటి పన్నులో గ్రంథాలయ పన్ను కూడా కలిసి ఉంటుంది. ఆ డబ్బుతో నడిచే జిల్లా గ్రంథాలయ సంస్థలు తమ శాఖల నుంచి నెలకు వంద పుస్తకాల చొప్పున దగ్గరి ఉన్నత పాఠశాలకు అరువు ఇచ్చి, నెల తిరిగాక మార్చి ఇచ్చే ఏర్పాటు చేయగలిగితే, బడి అరలు ఎప్పుడూ కొత్తగానే ఉంటాయి. 1914 ఏప్రిల్ 10న ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఈ బెజవాడలోనే, రామమోహన గ్రంథాలయంలో పుట్టింది. అయ్యంకి వెంకట రమణయ్యగారి వంటివారు ఊరూరా తిరిగి నడిపిన గ్రంథాలయోద్యమం ప్రభుత్వ నిధుల కోసం వేచి ఉండలేదు.

పూర్వ విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. వడ్రంగిని పిలిచే ముందు ఒక వారం రోజులు సాయంత్రం నాలుగింటికి వచ్చి గ్రంథాలయం గుమ్మం దగ్గర కూర్చోండి. ఎవరు వస్తున్నారో, ఏమి అడుగుతున్నారో, ఎంతసేపు ఉండాలని ఉందో వాళ్లనే అడిగి రాసుకోండి, ఆ కాగితాన్ని ప్లాను గీసినవారికి ఇవ్వండి. బీరువాల తాళాల బదులు ఆ సొమ్ముతో రెండు పొడుగు బల్లలు చేయించండి. పోయిన పుస్తకాల నష్టాన్ని ఉపాధ్యాయుడి జీతంలోంచి కాకుండా మీ సంఘం భరిస్తుందని ప్రధానోపాధ్యాయులకు రాతపూర్వకంగా హామీ ఇవ్వండి. ఉత్తర్వు వచ్చేదాకా ఆ హామీ చాలు, తలుపులు తెరుచుకుంటాయి.

సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా కూర్చునే మనిషి దొరకరన్న కారణంతో ఈ ఏర్పాటు ఆగిపోకూడదు కనుక, మంగళ, గురువారాల్లో ఆ బాధ్యత నేను తీసుకుంటానని ప్రధానోపాధ్యాయులకు ఉత్తరం ఇచ్చాను. మిగిలిన నాలుగు రోజులకు మా బడి విశ్రాంత ఉపాధ్యాయులు, పూర్వ విద్యార్థులు ముందుకు వస్తే ఈ డిసెంబరు నుంచే మొదలుపెట్టవచ్చు.

భవదీయురాలు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
విజయవాడ.